పేరు తప్పా, మోత తప్పా? ముందు అది తేల్చుకో

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లో కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి మోగించేది, chord) పేరు తప్పు పడుతోంది, ప్లే చేస్తే ఇంకేదో మోగుతోంది, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అంతే అన్నావు. ఇంకోసారి ఇన్‌స్టాల్ చేయకు. ఇన్నేళ్ళలో దానివల్ల బాగుపడిన సమస్యలు నాకు గట్టిగా రెండు మూడు కూడా గుర్తు రావడం లేదు. అసలు నువ్వు రెండు వేర్వేరు రోగాలకి ఒకటే మందు వెతుకుతున్నావు. స్క్రీన్ మీద పేరు తప్పు పడటం వేరు, స్పీకర్లోంచి శబ్దం తప్పు రావటం వేరు.

ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి తెరిచి, ఒకే ట్రాక్‌లో మామూలు పియానో పెట్టి, సి, ఇ, జి మూడు స్వరాలు వెయ్యి (మిడి, అంటే ఏ స్వరం ఎప్పుడు వాయించారో అంకెల్లో దాచే పద్ధతి, దాని నంబర్లలో 60, 64, 67). సి మేజర్ అని చూపించి, సి మేజర్‌లాగే మోగిందనుకో, సాఫ్ట్‌వేర్ బాగానే ఉన్నట్టు, గొడవంతా నీ పాత ఫైల్లో ఉంది. పేరు సరిగ్గా పడి మోత తేడాగా ఉంటే ఆడియో సెట్టింగ్స్ చూడాలి.

ఇప్పుడు పేర్ల సంగతి. ఇక్కడ చాలాసార్లు సాఫ్ట్‌వేర్ తప్పు అస్సలు ఉండదు. సి, ఇ, జి, ఎ నాలుగూ కలిపి నొక్కితే అది సి6 కూడా, ఎ మైనర్ 7 కూడా. రెండింటిలో ఉన్నవి అవే నాలుగు స్వరాలు, అడుగున ఏది ఉందో దాన్నిబట్టి పేరు మారుతుంది. సి సస్2, జి సస్4 కూడా అంతే, రెండూ సి, డి, జి. డిమినిష్డ్ 7 అయితే మరీ ఘోరం, అష్టకాన్ని నాలుగు సమాన ముక్కలు చేసినట్టు ఉంటుంది కాబట్టి నాలుగు స్వరాల్లో దేన్నైనా రూట్ (కార్డ్‌కి పేరిచ్చే స్వరం) అనొచ్చు. నీ పాటలో బేస్ వేరే ట్రాక్‌లో ఉంది కదా, కార్డ్ డిటెక్షన్ (కార్డ్ పేరు కనిపెట్టే భాగం) మాత్రం నీ కుడి చేతి ట్రాక్‌నే చూస్తోంది, పాపం దానికి కింద బేస్ ఏం వాయిస్తోందో ఎలా తెలుస్తుంది? రెండు ట్రాక్‌లూ కలిపి సెలెక్ట్ చేసి చూడు. అప్పటికీ నచ్చని పేరే వస్తే చేత్తో టైప్ చేసెయ్, అందులో నామోషీ ఏం లేదు, నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ఇంకోటి, ఇది నన్ను చాలా ఏడిపించింది. కార్డ్ మారే చోట పాత కార్డ్‌లోని ఒక స్వరం తోక కొంచెం కొత్త కార్డ్ మీదకి సాగి ఉంటుంది. చెవికి తెలియదు, మామూలు జూమ్‌లో కంటికీ కనపడదు. కానీ మెషీన్ దాన్ని కూడా లెక్కలో వేసుకుని ఎఫ్ మేజర్‌కి బదులు ఎఫ్ యాడ్ అదేదో అని రాసేస్తుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను ప్లగిన్లన్నీ మార్చి చూశాను, చివరికి పియానో రోల్‌ని (స్వరాలు అడ్డగీతల్లా కనపడే కిటికీ) బాగా జూమ్ చేస్తే ఎదురుగానే ఉంది. క్వాంటైజ్ (స్వరాలని తాళానికి సర్దటం) చేసేటప్పుడు స్వరం మొదలు ఒక్కటే కాదు, చివర కూడా సర్దు. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ రికార్డ్ అయి ఉంటే అదీ చూడు, మిడిలో దాని నంబర్ కంట్రోలర్ 64, విలువ 64 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పెడల్ తొక్కి ఉన్నట్టే లెక్క.

మిడి కాకుండా రికార్డ్ చేసిన ఆడియోలోంచి కార్డ్స్ పట్టమంటున్నావా? అప్పుడు ఆశలు కాస్త తగ్గించుకో. సాధారణంగా అది వినిపించే ధ్వనినంతా 12 స్వరాల డబ్బాల్లోకి సర్దుతుంది. ఒక్క బేస్ స్వరంలోనే పై స్వరాలు దాగుంటాయి. సి 130.8 హెర్ట్జ్ దగ్గర మోగితే, దానికి మూడు రెట్లు 392, అది జి. అయిదు రెట్లు 654, అది దాదాపు ఇ. ఒక్క స్వరం వాయించినా మేజర్ కార్డ్‌లా కనపడటం అందుకే. డ్రమ్స్ తీసేసిన ట్రాక్ ఇస్తే చాలావరకు మెరుగవుతుంది. శ్రుతి కూడా చూసుకో. ఎ స్వరం 440 హెర్ట్జ్ అని అది అనుకుంటుంది, నీ రికార్డింగ్ 432లో ఉంటే దాదాపు 32 సెంట్లు (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) కిందకి ఉన్నట్టు, ఇంకాస్త జారి 50 దగ్గరకి వస్తే రెండు స్వరాల మధ్య ఇరుక్కుని అటూ ఇటూ ఊగుతుంది. గిటార్‌కి కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్) పెట్టి వాయించిన పాటైతే, వాయించినవాడు జి అంటాడు, సాఫ్ట్‌వేర్ ఎ అంటుంది. రెండో ఫ్రెట్‌లో కేపో ఉంటే సాఫ్ట్‌వేర్ చెప్పిందే నిజం.

ఇక మోత. మొత్తం పాట ఒకటిన్నర సెమిటోన్ (పక్కపక్క మెట్ల మధ్య దూరమే సెమిటోన్) పైకి లేచి, కొంచెం వేగంగా కూడా పరిగెడుతుంటే శాంపిల్ రేట్ (ధ్వనిని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి దాచారో ఆ అంకె) తేడా. 44,100లో ఉన్న ఫైల్‌ని 48,000 అనుకుని ప్లే చేస్తే జరిగేది ఇదే, మూడు నిమిషాల పాట 2 నిమిషాల 45 సెకన్లకే అయిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక ఒక రాత్రంతా నేను నా పాటని మళ్ళీ ట్యూన్ చేస్తూ కూర్చున్నాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్రాజెక్ట్‌లోనూ కంప్యూటర్ సౌండ్ కార్డ్‌లోనూ ఒకే అంకె పెట్టు. సరిగ్గా ఒక అష్టకం తేడా కనిపిస్తే మాత్రం కంగారు పడకు, 60వ నంబరు స్వరాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి. ట్రంపెట్, క్లారినెట్ లాంటివాటికి రాసిన స్వరం ఒకటి, మోగేది ఇంకొకటి, కన్సర్ట్ పిచ్ బటన్ (నిజంగా మోగే స్వరాన్నే చూపించేది) ఏ స్థితిలో ఉందో చూడు.

స్వరలిపి పైన రాసిన కార్డ్ పేర్లు మోగటం లేదన్నావు. వాటిని మామూలు టెక్స్ట్‌గా టైప్ చేసి ఉంటావు. స్వరలిపి రాసే మ్యూజ్‌స్కోర్‌లో అయితే స్వరాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ కె నొక్కి రాయాలి, అది కూడా 3.5 వెర్షన్ నుంచే పేర్లని మోగిస్తుంది. చిన్న ఎమ్ అంటే మైనర్, పెద్ద ఎమ్ అంటే మేజర్, షిఫ్ట్ తేడాతో పాట మూడ్ మారిపోతుంది. స్వరాల పేర్ల సెట్టింగ్ జర్మన్‌లో ఉంటే బి అంటే బి ఫ్లాట్ అని అర్థం.

కార్డ్ వాయిస్తే డ్రమ్స్ మోగుతున్నాయంటే ఆ ట్రాక్ పదో ఛానెల్‌లో ఉంది, జనరల్ మిడిలో అది డ్రమ్స్‌ది. ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తే కీబోర్డ్‌లో లోకల్ కంట్రోల్ (నొక్కగానే కీబోర్డే సొంతంగా మోగించేది) ఆపు. ఒక స్వరం ఆగకుండా మోగుతూ ఉంటే పానిక్ బటన్ (మోగే స్వరాలన్నీ ఒకేసారి ఆపేది) నొక్కు. టకటకమని పగుళ్ళు వస్తే బఫర్ (ధ్వనిని ముందుగా పోగేసుకునే జాగా) 256 నుంచి 1024కి పెంచు. 44,100 దగ్గర ఆలస్యం 6 మిల్లీసెకన్ల నుంచి 23కి వెళ్తుంది, కాబట్టి రికార్డ్ చేసేటప్పుడు మళ్ళీ తగ్గించుకో.

ముందు ఆ మూడు స్వరాల పరీక్ష చెయ్యి. తేలకపోతే కార్డ్ మారే చోట పియానో రోల్ బాగా జూమ్ చేసి స్క్రీన్‌షాట్ తీసి, శాంపిల్ రేట్ ఎంతో రాసి పంపు. రాత్రికి చూస్తాను.

బాబాయ్