ఐఈపీలో చిన్న మార్పు: సంతకం పెట్టేయాలా, మీటింగ్ అడగాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, టెన్త్ గ్రేడ్. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉంది కాబట్టి స్కూల్లో ఐఈపీ, అంటే వాడి అవసరాలకి తగ్గట్టు స్కూలు రాసిచ్చే ప్రత్యేక విద్యా ప్రణాళిక, నడుస్తోంది. ఈ ఏడాది మీటింగ్ అక్టోబర్‌లోనే అయిపోయింది. ఇప్పుడు కేస్ మేనేజర్ (ఐఈపీ వ్యవహారాలు చూసే స్కూలు ఉద్యోగి) ఫోన్ చేసి, ‘రెండు చిన్న మార్పులు, మీటింగ్ అక్కర్లేదు, సంతకం చాలు’ అన్నారు. పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇస్తారట. వారానికి రెండుసార్లు జరిగే రీడింగ్ క్లాసు ఒకసారికి తగ్గిస్తారట. ఏం చేయాలి? ఇదంతా రికార్డుల్లోకెక్కితే కంప్యూటర్ సైన్స్ సీటు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ భయమంతా ఆ చివరి మాటలోనే ఉంది. నా దగ్గరికి వచ్చే మన తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే భయం. ధైర్యంగా ఉండండి. సీటు ఇచ్చేముందు వైకల్యం ఉందా అని కాలేజీలు అడగకూడదు. కాలేజీ ప్రవేశాలకి రాసే ఎస్ఏటీ పరీక్షని అదనపు సమయంతో రాసినా, స్కోరు మీద ఆ సంగతి తెలిపే గుర్తు వేయడం 2003లోనే మానేశారు.

ఇక కాగితం సంగతి. తల్లిదండ్రులు, స్కూలు ఒప్పుకుంటే ఏడాది మధ్యలో మీటింగ్ లేకుండానే ఐఈపీ మార్చుకోవచ్చని అమెరికా ప్రత్యేక విద్య మీద చేసిన 2004 చట్టంలోనే ఉంది. కాబట్టి వాళ్లు అడిగింది తప్పు కాదు. కానీ ఆ రెండు మార్పులూ ఒక్కటి కావు.

సాఫ్ట్‌వేర్‌కి నిశ్చింతగా ఒప్పుకోండి. ఇలాంటి పిల్లాడొకడు నా ఎదుట కూర్చుని ఫిజిక్స్ లెక్క చదివాడు. వాక్యం కింద వేలు పెట్టుకుని మూడుసార్లు చదివినా సగం దాటలేదు. అదే లెక్క నేను పైకి చదివితే, పూర్తయ్యేలోపే జవాబు చెప్పాడు. వాడికి రానిది ఫిజిక్స్ కాదు.

రీడింగ్ క్లాసు తగ్గించడాన్ని మాత్రం నేను చిన్న మార్పు అనను. ఎందుకు తగ్గిస్తున్నారు? బాబు అంత మెరుగయ్యాడా, టీచర్ ఖాళీ లేదా? ప్రోగ్రెస్ రిపోర్టులు ముందుపెట్టి మీటింగ్‌లో చెప్పమనండి. ఇంగ్లీషులో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, అది మీ హక్కు. మార్పులు కలిపిన పూర్తి ఐఈపీ కాపీ కూడా అడిగి తీసుకోండి.

ఒక మాట కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇంత ఉత్తరంలో మీ అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. కంప్యూటర్ సైన్స్ ఎవరు ఎంచుకున్నారు? వాడా, మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్లా? పక్కింటి పిల్లలు చేరారని చేరి, రెండో ఏడు వదిలేసి, ఇంట్లో చెప్పలేక నలిగిపోయిన పిల్లల్ని చూశాను. ఆ డిగ్రీ ఉంటే చాలు ఉద్యోగం ఖాయమన్న నమ్మకం నాకిప్పుడు లేదు. కోడ్ రాయడం నిజంగా ఇష్టమైతే డిస్లెక్సియా అడ్డు కాదు. ఇష్టం లేకపోతే ఏ ఐఈపీ ఆదుకోదు, పైగా అది హైస్కూల్‌తోనే ఆగిపోతుంది. కాలేజీలో తనకేం సాయం కావాలో వాడే నోరు తెరిచి అడగాలి. పదహారేళ్లు నిండేసరికి ఐఈపీలో స్కూలు తర్వాతి ప్లాన్ ఉండాలి, ఆ చర్చకి వాణ్ణి పిలవాలి. మీ వాడికి ఆ వయసు వచ్చేస్తోంది. ఇంట్లో డిస్లెక్సియా మాట ఎత్తకుండా దాస్తుంటే వాడికి అడగడం ఎప్పుడు వస్తుంది?

ఈ రాత్రి కేస్ మేనేజర్‌కి మెయిల్ రాయండి: ‘సాఫ్ట్‌వేర్‌కి ఒప్పుకుంటున్నాం. రీడింగ్ క్లాసు తగ్గించడానికి ఒప్పుకోవట్లేదు, దాని మీద మీటింగ్ పెట్టండి.’ పంపేముందు బాబుని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. వాడేమైనా కలపమంటే కలపండి.