నెట్స్‌లో దంచేసి మ్యాచ్‌లో డాట్లు ఆడే కుర్రాడు: సమాధానం

మీ అండర్-16 కుర్రాడు నెట్స్‌లో డ్రైవ్‌లు దంచేసి, మ్యాచ్‌లో మాత్రం వరసగా నాలుగైదు డాట్లు (పరుగు రాని బంతులు) ఆడి, ఆ విసుగులో గాల్లోకి లేపి అవుటవుతున్నాడన్నారు కదండీ. లోపం పెద్ద షాట్లలో ఉన్నట్టు లేదు, సింగిల్ తీయడం రావట్లేదు. నెట్‌లో ఫీల్డర్లుండరు, వలకి తగిలిందల్లా ఫోరే అనుకుంటాడు మరి.

ముందు బ్యాట్ పట్టుకున్న కింది చెయ్యి చూడండి. దాంతో హ్యాండిల్ బిగించి పట్టుకుంటే, డిఫెన్స్ ఆడిన బంతి కూడా గట్టిగా తగిలి నేరుగా ఫీల్డర్ చేతిలోకే పోతుంది. బొటనవేలు, చూపుడువేలు ఆనిస్తే చాలు. బంతి కళ్ల కిందకి వచ్చేదాకా ఆగి ఆడితే నాలుగైదు గజాల్లో చచ్చిపడుతుంది, పరుగు అక్కడే ఉంది.

కవర్, మిడాఫ్, మిడాన్, మిడ్‌వికెట్ చోట్ల ఫీల్డర్లకి బదులు కోన్లు పెట్టి 12 త్రోడౌన్లు (చేత్తో విసిరే బంతులు) వేయండి. సందులోంచి వెళ్తే 1, కోన్‌కి తగిలితే 0, గాల్లోకి లేస్తే 5 కోత. 8 దాటేదాకా డ్రైవ్ ఊసెత్తొద్దు.

నాన్‌స్ట్రైకర్‌ని కూడా నిలబెట్టండి. బంతి ముందుకెళ్తే పరుగుకి పిలుపు కొట్టినవాడిది, వెనక్కెళ్తే అవతలివాడిది. ‘ఊఁ’ అంటే కుదరదు. ‘యెస్’, ‘నో’, ‘వెయిట్’ మాత్రమే.