మొదటి హాఫ్ మారథాన్‌కి మేనల్లుడికి నాలుగు మాటలు

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! 21.1 కిలోమీటర్లు తక్కువేం కాదు. కానీ ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెడుతున్నావు, ఇంకా మూడున్నర నెలల టైముంది. సరిపోతుంది. ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకో. మీ నాన్నకి బీపీ ఉంది, నువ్వూ నలభై దాటావు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే, మెల్లగా పరిగెత్తు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మన కోనసీమలో తెల్లవారుజామునే ఉక్క. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. గాలినిండా తేమ ఉన్నచోట ఎక్కడ ఆరుతుంది? గుండె కాళ్లకి రక్తం పంపుతూనే, వేడి బయటికి పోవడానికి చర్మానికీ ఎక్కువ పంపాలి. అందుకే హైదరాబాదులో మీ ఫ్రెండ్ పరిగెత్తే వేగమే నీకిక్కడ ఆయాసం తెప్పిస్తుంది. ఫోన్‌లో వాళ్ల టైములు చూసి టెన్షన్ పడకు. పరిగెడుతూ పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలిగితే అదే సరైన వేగం. చలి మొదలయ్యాక అదే శ్రమకి వేగం దానంతటదే పెరుగుతుంది.

వారానికి నాలుగు రోజులు చాలు. ఆదివారం పెద్ద పరుగు, మిగతావి చిన్నవి. ఆదివారం దూరం కిలోమీటరో, కిలోమీటరున్నరో పెంచుకుంటూ పో. నాలుగేసి వారాలకొకసారి కాస్త తగ్గించు. పదహారు, పదిహేడు దాకా వస్తే చాలు, మొత్తం దూరం ముందే పరిగెత్తి చూడక్కర్లేదు. చివరి రెండు వారాలు బాగా తగ్గించెయ్. మధ్యలో తుఫాను పట్టి నాలుగు రోజులు పోతే పోనీ, ఆ బాకీ ఒక్కరోజులో తీర్చబోకు.

కాలువ గట్టు మట్టిదారి కాళ్లకి మెత్తగా ఉంటుంది. వాన పడితే మాత్రం ఆ బంకమన్ను మీద అడుగు పెట్టకు, రోడ్డెక్కు. బండ్లకి ఎదురుగా, కుడిపక్కన పరిగెత్తు. మనది బల్లపరుపు నేల కదా, పోటీ దారిలో ఎత్తుపల్లాలుంటే కష్టమవుతుంది. వారంలో ఒకరోజు లాకుల దగ్గర వంతెన ఎక్కి దిగడం అలవాటు చేసుకో.

కొబ్బరినీళ్లుంటే చాలని మనవాళ్లంతా అంటారు. అవి మంచివే. కానీ చెమటతో ఎక్కువగా పోయేది ఉప్పు, కొబ్బరినీళ్లలో అది తక్కువ. గంట దాటే పరుగుకి ఓఆర్ఎస్ కలిపి పట్టుకెళ్లు. దాహానికి మించి మంచినీళ్లు పట్టించడం కూడా ప్రమాదమే. కాటన్ బనీను వద్దు, తడిసి ఒరుసుకుంటుంది. తొడల మధ్య వాజెలీన్ రాసుకో.

పిక్కలు పట్టేస్తే భయం లేదు. కాలి ఎముక మీద ఒకేచోట నొప్పి పుట్టి, పరిగెత్తేకొద్దీ పెరిగితే మాత్రం ఆరోజే ఆపెయ్. ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా మొహమాటపడకు, ఆగి పక్కవాళ్లని పిలువు.

పోటీ రోజు కొత్త బూట్లు, కొత్త తిండి వద్దు. రోజూ తినే అరటిపండే తిను. మొదటి ఐదు కిలోమీటర్లు అందరూ దాటిపోతున్నా నీ వేగం నీదే.

ఈ ఆదివారం ఎంత దూరం పరిగెత్తావో ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య