అన్నయ్య సంతకాలు పెట్టించుకున్నాడు, కోర్టులో రాజీ డిక్రీ అయిపోయింది... ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: సార్ నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లె, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నా. నాన్నగారు పోయాక నాలుగెకరాల మాగాణి మీద మా చిన్నన్నయ్య పార్టిషన్ దావా (ఆస్తి పంచమని) వేశాడు, పెద్దన్నయ్యా నేనూ ప్రతివాదులం. కోర్టు చుట్టూ నువ్వెక్కడ తిరుగుతావమ్మా లాయర్ని నేను చూసుకుంటా అని పెద్దన్నయ్య ఇంటికొచ్చి వకాలత్ మీదా ఇంకొన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టించుకున్నాడు, కొన్నాళ్లకి నా అకౌంట్లో రెండు లక్షలు వేసి పసుపు కుంకుమ కింద ఉంచుకో అన్నాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే తెలిసింది, నేను డబ్బు తీసుకుని హక్కు వదులుకున్నట్టు, వాళ్లిద్దరూ చెరి రెండెకరాలు పంచుకున్నట్టు రాజీ డిక్రీ వచ్చేసి ఏడాదిన్నర అయిందంట. తెలిసిన లాయర్ గారు కొత్త దావా వేసి ఆ డిక్రీ కొట్టించేద్దాం అంటున్నారు. వెయ్యమంటారా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెయ్యొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. రాజీ చట్టప్రకారం చెల్లదు కాబట్టి డిక్రీ కొట్టెయ్యండి అని విడిగా దావా వెయ్యడానికి లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 రూల్ 3ఎ చెప్తుంది, 1976 సవరణలో పెట్టారు దీన్ని. అయినా జనం ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు, వేయించేవాళ్లూ ఉన్నారు, అవతలివాళ్లు ఆర్డర్ 7 రూల్ 11 కింద ఒక పిటిషన్ పెడితే ప్లెయింట్ అంటే మీ దావా పత్రం మొదట్లోనే రిజెక్ట్ అయిపోతుంది. మోసం అని రాసినా అంతే, డిక్రీ చెల్లదని ప్రకటించమనే డిక్లరేషన్ దావా అని పేరు మార్చినా అంతే. తెలంగాణ నుంచి వెళ్లిన శ్రీ సూర్య డెవలపర్స్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చేసింది ఇదే, హైకోర్టు బతికించిన దావాని మళ్లీ కొట్టేసింది.

అప్పీలుకి వెళ్దామా అంటే, ఇద్దరూ ఒప్పుకుని తెచ్చుకున్న డిక్రీ మీద అప్పీలు లేదని సెక్షన్ 96(3) ఉంది. రాజీనే జరగలేదనేవాళ్లకి ఆర్డర్ 43 రూల్ 1ఎ లో చిన్న సందు ఉంది గానీ దాని గడువు మీకెప్పుడో దాటిపోయింది.

మీ దారి అదే కోర్టు. ఏ కోర్టు ఆ రాజీని రికార్డు చేసిందో అక్కడే, అదే దావా నంబర్లో ఒక ఐ.ఎ. (దావాలోపలే పెట్టే పిటిషన్) వేసి ఈ రాజీ నా సమ్మతితో జరగలేదు, రికార్డు చేసిన ఆర్డర్నీ డిక్రీనీ రీకాల్ చెయ్యండి, అంటే వెనక్కి తీసుకోండి అని అడగాలి. బన్వారీలాల్ కేసు (1993), పుష్పాదేవి భగత్ కేసు (2006) రెండూ ఈ దారినే చూపించాయి. మోసంతోనో బలవంతంతోనో చేయించిన ఒప్పందం చట్టబద్ధమైన రాజీ కాదని అదే ఆర్డర్ 23 రూల్ 3 కింద వివరణలోనే ఉంది. ఇలాంటి పిటిషన్‌కి మామూలుగా మూడేళ్ల గడువు, మోసమైతే తెలిసిన రోజు నుంచి లెక్క అంటారు, అయినా ఆ వాదన మీద ఆధారపడి కూర్చోకండి, డిక్రీ తేదీ నుంచి చూసినా మీకింకా టైముంది, ఈలోపే వేసెయ్యండి.

వెయ్యడానికి ముందు కాపీ అప్లికేషన్ పెట్టి కంప్రమైజ్ మెమో (రాజీ పత్రం), వకాలత్, డాకెట్ షీట్ (ఏ వాయిదాకి ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితం) మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, కుదిరితే లాయర్ చేత ఒరిజినల్ రికార్డు కూడా చూపించండి. మెమో ఆఖరి పేజీ చూడండి, పైన టైప్ చేసిన మేటరు కింద ఖాళీ లేకుండా ఇరికించి ఉందా, మీ సంతకం ఎక్కడో కింద విడిగా ఉందా, మిగతా పేజీల్లో మీ సంతకాలు ఉన్నాయా లేవా. డాకెట్లో ఆ రోజు పార్టీలు హాజరయ్యారు అని రాసుంటే ఆ తేదీన మీరు హైదరాబాద్‌లోనే ఉన్నట్టు ఆఫీసు అటెండెన్సో, ఆస్పత్రి కాగితమో, ఏదున్నా బయటికి తీయండి. పిటిషన్లో ఊరికే మోసం చేశారు అంటే సరిపోదమ్మా, ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద, ఏం చెప్పి పెట్టించుకున్నారో వివరంగా ఉండాలి. సంతకం నాది కాదు అనేవాళ్ల కంటే, సంతకం నాదే కానీ దేనికో తెలీదు అనేవాళ్లకి కేసు కష్టం, మీది రెండోది.

ఇంకో చేదు మాట. ఆ రెండు లక్షలే మీ అన్నల చేతిలో అన్నిటికంటే పెద్ద ఆయుధం. డబ్బు తీసుకుంది, ఏడాదిన్నర ఊరుకుంది, ఇప్పుడు రేట్లు పెరిగాక వచ్చింది అంటారు, చూడండి. అది ఏమని చెప్పి వేశాడో వాట్సాప్ మెసేజ్ ఉంటే ఫోన్ మార్చకండి, డిలీట్ చెయ్యకండి. ఆ డబ్బు కోర్టులో కట్టడానికి సిద్ధం అని పిటిషన్లోనే రాయించడం మంచిదని నా అభిప్రాయం.

డిక్రీ రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి చెల్లదని ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు, పట్టించుకోవద్దు, దావాలో ఉన్న ఆస్తికే అయితే రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాగే అన్నల పేరున పాసుబుక్కులు వచ్చేశాయని బెంగ వద్దు, రెవెన్యూ రికార్డు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు. కానీ అమ్మేస్తే తలనొప్పి, అందుకే రీకాల్ పిటిషన్‌తో పాటే అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి, ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీసి చూసుకుంటూ ఉండండి. రీకాల్ అయితే పొలం చేతికొచ్చినట్టు కాదు, పాత పార్టిషన్ దావా మళ్లీ లేస్తుంది, కూతురి వాటా గురించి హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ, దాని మీద 2020 సుప్రీంకోర్టు తీర్పు అప్పుడు పనికొస్తాయి.

ప్రశ్న: మాది కూడా ఇలాంటిదే, కాకపోతే లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మాకూ అదే దారా?
- ఓ పాఠకుడు, వికారాబాద్

జవాబు: కాదండీ. లోక్ అదాలత్ అవార్డు (అక్కడ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు) మీద అప్పీలు లేదు, దావా కూడా కుదరదు, రంగారెడ్డి జిల్లా భూమి గొడవలోనే భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. హైకోర్టులో రిట్ వెయ్యడం ఒక్కటే దారి. రిట్లో సాక్షుల్ని పిలిచి విచారించడం మామూలుగా ఉండదు కాబట్టి మోసం కాగితాల మీదే కనపడాలి, ఆలస్యం చేసినా కష్టమే. ముందు అవార్డు కాపీ తీసుకోండి. లాయర్ ఫీజు భారమైతే, పై ప్రశ్న అడిగినావిడకి కూడా చెప్తున్నా, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగొచ్చు లేదా 15100 కి ఫోన్ చెయ్యొచ్చు.