పుట్టిన తేదీ తెలియని అమ్మమ్మ కథ ఎలా రాయాలి?

ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలను పుస్తకంగా తేవాలనుకునేవారి నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ జూలై 1 అని ఉంది, అది నిజం కాదని తనే అంటుంది. ఏ సంగతి అడిగినా "కొత్త పైసలొచ్చిన వేసవిలో నా పెళ్లి", "గాలివానకి మీ చిన్న మామయ్య నెలల పిల్లాడు" అని చెబుతుంది తప్ప సంవత్సరం చెప్పదు. తేదీలు లేకుండా పుస్తకం ఎలా రాయను? – గుడివాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆమె సంవత్సరాలు చెబుతూనే ఉంది, మనకి పోల్చుకోవడం రావాలి. ముందు ఆ జూలై 1ని పక్కన పెట్టండి. ఆ తరంలో చాలామందికి జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసినవే.

కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు పైసలు. కాబట్టి పెళ్లి 1957 వేసవి. ఇలా ఊరందరికీ గుర్తుండే సంఘటనలతో ఒక ఆనవాళ్ల జాబితా రాసుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టులో గోదావరి వరద. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004, 2016లో. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. తెలంగాణ కుటుంబాలైతే 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 ఉద్యమం చేర్చుకోవాలి.

అయితే గాలివాన దగ్గర తొందరపడకండి. కృష్ణా జిల్లాలో గాలివాన అంటే 1977 నవంబరుదీ కావచ్చు, 1969 మేలో వచ్చిందీ కావచ్చు. ఏళ్లు గడిచాక రెండూ ఒకటిగా కలిసిపోతాయి. "ఏ సంవత్సరం అమ్మమ్మా?" అంటే లాభం లేదు. "అప్పటికి కోతలయ్యాయా, చేలు ఇంకా నిలబడి ఉన్నాయా? మామిడికాయలు రాలాయా?" అని అడగండి. చేలమీద వరి ఉంటే నవంబరు, చెట్ల కింద కాయలు పరుచుకుంటే మే. మనుషులు అంకెలు మరిచిపోతారు గానీ చెట్టూ చేనూ అప్పుడు ఎలా ఉన్నాయో మరిచిపోరు. పల్లెలో పెరిగినవాళ్ల జ్ఞాపకానికి అదే అసలు క్యాలెండరు.

కార్తెలు ఇంకా బాగా పనికొస్తాయి. అవి సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి గనక ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తాయి. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో, ఆరుద్ర 21, 22 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. "ఆరుద్ర ప్రవేశించిన వారంలో పుట్టాడు" అంటే జూన్ చివరి వారం అని ధైర్యంగా రాసుకోవచ్చు. తిథులకు ఆ సౌలభ్యం లేదు, అవి ఏడాదికేడాది ముందూ వెనకా జరుగుతాయి.

తెలుగు సంవత్సరం పేరు చెబితే రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది: వికారి 1959 ఉగాది నుంచి 1960 ఉగాది దాకా. వికారిలో సంక్రాంతి అంటే అది 1960 జనవరి, 1959 కాదు. రెండోది: అరవై ఏళ్లకి అదే పేరు మళ్లీ వస్తుంది. ప్రభవ 1927లోనూ ఉంది, 1987లోనూ ఉంది. తాతల నాటి కాగితాల్లో ఇది బాగా చూసుకోవాలి. పాత శిస్తు రసీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే ఇంగ్లిషు సంవత్సరానికి 590 కలపండి. కోస్తాలో ఫసలీ జూలైలో మొదలవుతుంది గనక జనవరి నుంచి జూన్ మధ్య తేదీకి 591.

ఒక పొడుగాటి కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఆమె అన్న మాట అన్నట్టుగానే, ఆనవాలు, సంవత్సరం, ఎంత నమ్మకం. చివరి గడి పెన్సిలుతో నింపండి, అది మారుతూ ఉంటుంది. తేలనిచోట "సుమారు 1962–63" అని వదిలేయండి. లేని కచ్చితత్వం తెచ్చిపెడితే రేపు మనవలు దాన్నే సాక్ష్యమనుకుంటారు. ఇక పుస్తకంలో "1957లో వివాహం జరిగింది" అని మాత్రం రాయకండి. "కొత్త పైసలొచ్చిన వేసవిలో" అన్న ఆమె మాటే ఉంచి, సంవత్సరం పక్కన వేయండి.

ప్రశ్న: ఏడాదికి మూడు వారాలే ఇంటికి రాగలను. ఫోన్లో రికార్డు చేద్దామని కూర్చుంటే నాన్నగారు "ఏముందిరా చెప్పడానికి" అని లేచిపోతున్నారు. – డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: "మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగి ఉంటారు. అంత పెద్ద ప్రశ్నకి ఎవరికీ జవాబు తోచదు. చేతికి ఒక వస్తువు ఇవ్వండి: పాత తాళంగుత్తి, కొడవలి, మరచెంబు, రైలు పాసు. లేకపోతే కాగితం, పెన్సిలు ఇచ్చి పుట్టిన ఇంటి ప్లాను గీయమనండి. వాకిలి ఎటు, నుయ్యి ఎటు, వాకిట్లో నిలబడితే ఎడమచేతి వైపు ఏం కనిపించేది, అరుగు మీద ఎవరు పడుకునేవారు. గీత గీస్తుంటే మాట దానంతటదే వస్తుంది.

పొద్దున టిఫిను అయ్యాక కూర్చోండి, సాయంత్రానికి అలసట వస్తుంది. ఒక విడత నలభై నిమిషాలు దాటనివ్వకండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, ఆయనకి మూరెడు దూరంలో ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే ప్రతి చప్పుడూ పడుతుంది. సీలింగ్ ఫ్యాను ఆపాలి. వంటింట్లో కుక్కరు లేని సమయం చూసుకోండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరెవరున్నారో చెప్పండి. మొదటి రెండు నిమిషాలూ రికార్డు చేసి వినిపించుకున్నాకే ముందుకెళ్లండి. గంటసేపు మాట్లాడాక ఏమీ పడలేదని తెలిస్తే రెండోసారి ఆ ఊపు రాదు.

ఆయన ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. మంచి సంగతులు చాలావరకు ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తాయి. తప్పు చెప్పినా దిద్దకండి, రాసుకుని మర్నాడు అడగండి. అమ్మగారిని పక్కన కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు అందుకుంటారు. ఆవిడకి వేరే పూట కేటాయించండి, అదే సంఘటన ఆవిడ నోట వేరుగా ఉంటుంది.

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు దాకా జరిగినవి పెద్దవాళ్లకి దండిగా గుర్తుంటాయి. ఆ తర్వాతి ఉద్యోగం, పిల్లల చదువులు రెండు మాటల్లో తేలిపోతాయి. వాటికి జీతం పుస్తకాలు, బదిలీ ఆర్డర్లు ముందు పెట్టి అడగాలి.

గంట మాటని కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. వాయిస్ టైపింగ్ వాడుకోవచ్చు గానీ ఊరిపేర్లు, ఇంటిపేర్లు, యాస మాటలు అది తప్పకుండా చెడగొడుతుంది. ఆయన "మొగదల" అంటే "మొదట" అని మార్చకండి.

ప్రశ్న: నానమ్మ ఆవకాయ కొలతలు రాసుకుందామంటే "కాస్త", "చేతికి తెలుస్తుంది" అంటుంది. – నల్గొండ నుంచి

జవాబు: ఆమెను అడగకండి, డబ్బాలను తూచండి. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, ప్రతి పాత్రనీ కలపక ముందోసారి, కలిపాక ఒకసారి తూస్తే ఆ తేడాయే ఆమె "కాస్త". ముక్కలు తడి తుడిచాక తూచండి. ఆమె వాడే గిన్నెను నీళ్లతో నింపి ఎన్ని మిల్లీలీటర్లో కూడా రాసుకోండి, ఎందుకంటే అదే గిన్నెడు ఉప్పు, అదే గిన్నెడు కారం కన్నా బరువు తూగుతుంది. దంచిన కల్లుప్పా, ప్యాకెట్టు ఉప్పా అన్నదీ రాయాలి.

చాలామంది వదిలేసేది మూడోరోజు సంగతి. జాడీ తీసి తిరగకలిపి, రుచి చూసి ఆమె మళ్లీ ఉప్పో నూనో వేస్తుంది. మొదటిరోజు లెక్కలతోనే చేస్తే ఆ రుచి రాదు. అప్పుడు కూడా తక్కెడతో పక్కనే ఉండండి. కాయ ఏ రకం, ఏ చెట్టుది, ఏ వారంలో కోశారో కూడా రాయండి. ఏడాదికి ఒక్కసారే దొరికే అవకాశం ఇది.

ప్రశ్న: తాతయ్య ఉత్తరాలు, ఫోటోలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అంచులు చిరుగుతున్నాయి. లామినేషన్ చేయించమంటారా? – అనంతపురం నుంచి

జవాబు: వద్దు, దయచేసి వద్దు. వేడికి కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోతుంది, దాన్ని మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, దాని జిగురు పసుపు మరకై అక్షరాల్లోకి దిగుతుంది. తుప్పు పట్టే గుండుసూదులు, క్లిప్పులు మెల్లగా తీసేయండి. ఉత్తరాల మడతలు విప్పి చదునుగా ఉంచండి. కాగితం చిరిగేది మడత దగ్గరే.

అటక మీద వేడి, నేలమీద చెమ్మ. లోపలి గదిలో బీరువా మధ్య అర మంచిది, వెనక గోడకి తగలకూడదు. వేపాకు వేసేట్టయితే గలగలలాడేదాకా ఎండాలి. పచ్చిదనం ఉంటే బూజు మనమే తెచ్చినట్టు. కలరా ఉండలు ఫోటోలకి తగలనివ్వకండి. రాత ఉన్న తాటాకులు దొరికితే మాత్రం తుడవకండి, నూనె రాయకండి. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట చూపించండి.

ఫోటో వెనక పేర్లు మెత్తటి 2బి పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపు కనబడుతుంది. వెనకవైపు నున్నగా ఉండే రంగు ఫోటోల మీద పెన్సిలు పట్టదు, వాటికి విడి చీటీ పెట్టండి. "ఎడమ నుంచి" అని మొదలుపెట్టి ఆడవాళ్ల పేర్లు, పుట్టింటి ఇంటిపేర్లతో సహా రాయండి. వంశవృక్షాల్లో ముందు పోయేవి అవే. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోని లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి. స్కాన్ స్పష్టత (డీపీఐ) ఉత్తరాలకి 300, చిన్న ఫోటోలకి 600 ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు ప్రతులు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో.

ప్రశ్న: నాకు 71. నా జ్ఞాపకాలు రాయడం పూర్తయింది, వంద కాపీలు వేయించాలని. అన్నదమ్ముల పొలం తగాదా, నా స్నేహితుడు నాకు రాసిన ఉత్తరాలు కూడా అందులో ఉన్నాయి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – వరంగల్ నుంచి

జవాబు: ఉత్తరం రాసిన కాగితం మీ సొంతం, అందులోని మాటలు మాత్రం రాసినవారివి. కాపీరైటు వారి తదనంతరం 60 ఏళ్లు వారసులకే ఉంటుంది. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

తగాదా రాయవచ్చు, కానీ తీర్పు రాయకండి. మీరు చూసింది, విన్నది, మీకు ఎలా అనిపించిందో రాసి, ఆ పేజీలు అవతలివారికి ముందే చూపించండి. ఆస్తి ఎవరికి చెందాలో పుస్తకంలో అసలు వద్దు. దానికి వీలునామా వేరే ఉంది: తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం.

అచ్చుకి డెమీ 1/8 సైజు, 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం, అక్షరం 13 పాయింట్లకి తగ్గకుండా. మీ వయసు వాళ్లే ముందు చదువుతారు. వంద కాపీలకి డిజిటల్ ప్రింటింగే మేలు. డీటీపీ (కంప్యూటర్లో అక్షరాల కూర్పు) పాత ఫాంట్లలో చేస్తే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు కనబడదు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనబడే యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.

పేజీలు 16 చొప్పున ఫారాలుగా లెక్కిస్తారు. చివరి ఫారంలో నాలుగైదు పేజీలు మిగిలితే వాటిని ప్రకటనలతోనో అభినందనలతోనో నింపమంటారు. ఒప్పుకోకండి, ఖాళీగానే వదలమనండి. మ్యాప్‌లిథో మీద సిరా చక్కగా పడుతుంది. మీరు తప్పుగా రాసిన తేదీ, మరిచిపోయిన పేరు మీ చెల్లెలో మనవరాలో అక్కడ రాసుకుంటారు.