బరంపురంలో ఒక పగలు ఖాళీ ఉంటే గోపాల్‌పూర్‌కి నడిచి వెళ్లిరావచ్చా?

హౌరా వైపు వెళ్తూ ఒడిశాలోని బరంపురంలో దిగుతున్నాను, రాత్రి రైలు దాకా పగలంతా ఖాళీ, సముద్రం ఒడ్డునున్న గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే కదా, నడిచి వెళ్లి వచ్చేయొచ్చా అని అడిగారు. మాది బరంపురమేనండి. ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా గోపాల్‌పూర్ తిప్పి తీసుకురావడం నా డ్యూటీ, కాబట్టి సూటిగా చెప్తాను: నడవండి, కానీ రోడ్డు మీద కాదు, ఒడ్డు మీద.

రోడ్డంతా నడిస్తే మీకు మిగిలేది హారన్ల మోత, మాడిన నెత్తి, అంతే. నీడ తక్కువ, చూడటానికి పెద్దగా ఏమీ లేదు. వానాకాలంలో అయితే పక్క ఊళ్లలోకి దిగి పొలం గట్ల వెంట వెళ్లొచ్చు, అక్కడ మొగలి పొదలు పూతకొస్తాయి. కేవ్‌డా అత్తరు అని మీరు వినే సరుకు చాలావరకు ఈ గంజాం జిల్లా మొగలి పూలదే. ఒక్కరోజు ప్రయాణంలో అంత తీరిక ఉండదు గనక, పొద్దున్నే టిఫిన్ కానిచ్చి బస్సో షేర్ ఆటోనో ఎక్కేయండి. ఎంత పొద్దున్నే అంటే, ఎండ చురుక్కుమనేలోపు ఇసుకలో కాలు పెట్టాలి.

ఎందుకంటే అసలు చూడాల్సింది పొద్దుటే అయిపోతుంది. తెప్పలు, ఫైబర్ పడవలు ఒడ్డుకొచ్చే వేళ అది. అదృష్టం బాగుంటే పెద్ద వల లాగుతూ కనిపిస్తారు. వల ఒక కొస దగ్గర ఒక వరుస, రెండో కొస దగ్గర ఇంకో వరుస మనుషులు తాడుని నడుముకి ఆనించి వెనక్కి వాలి అడుగు అడుగు వేస్తూ లాగుతారు, చివరికొచ్చినవాడు తాడు వదిలేసి మళ్లీ నీళ్ల దగ్గరికెళ్లి ముందు చేరతాడు, ఇలా చాలాసేపు సాగుతుంది. వల ఒడ్డెక్కాక గంపలు పట్టుకున్న ఆడవాళ్లు ఒక్కసారి చుట్టుముడతారు. నెత్తళ్లు, కవ్వళ్లు ఒక పక్కకి, నాలుగు చందువాలు పడితే వాటికి వేరే మర్యాద, జెల్లీ చేపలు విసిరి అవతల పారేస్తారు (చెప్పుల్లేకుండా వాటి మీద కాలేయకండి, మంట పుడుతుంది). బేరం సగం ఒడియాలో, సగం తెలుగులో. ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే ఈ జాలర్ల ఇళ్లలో తెలుగే కాబట్టి మీకు భాష టెన్షన్ అక్కర్లేదు, పక్కన నిలబడితే "ఏటి బాబూ, ఏ ఊరు మీది?" అని వాళ్లే పలకరిస్తారు. ఫొటో తీసేముందు అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం, ఆ రోజుల్లో ఈ సందడి బాగా తగ్గిపోతుంది. ఎండ కూడా భరించలేం, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి.

తర్వాత ఊళ్లో ఒక చుట్టు. చిన్న ఊరు, దీపస్తంభం ఎటు నుంచైనా కనిపిస్తుంది కాబట్టి తప్పిపోయే ప్రశ్నే లేదు. ఒడ్డున పాత రేవు తాలూకు మొండి గోడలు ఉంటాయి, చాలామంది వాటికి ఆనుకుని సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో మన పల్లెల జనం కూలికోసం రంగూన్ వెళ్లే స్టీమర్లు ఎక్కింది ఇక్కడే. 1942లో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. మా వైపు పాత కుటుంబాల్లో ఎవరో ఒకరు రంగూన్ వెళ్లినవాళ్లు తగులుతూనే ఉంటారు.

ఇక నడక. ఎడమచేతి వైపు సముద్రం ఉండేలా నైరుతికి తిరిగి, హరిపూర్ క్రీక్ (సముద్రంలో కలిసే పాయ) వైపు ఒడ్డు పట్టుకుని వెళ్లండి. కొంచెం దూరానికే పర్యాటకుల గోల పోతుంది, సరుగుడు చెట్లు, ఆరేసిన వలలు, అక్కడక్కడా ఇసుకలో పీతల బొరియలు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది సరిగ్గా ఈ గోపాల్‌పూర్ దగ్గరే. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీదే నడవండి. పొడి ఇసుకలో పది అడుగులకే పిక్కలు పట్టేస్తాయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: ఒడ్డు వాలుగా ఉంటుంది కదా, వెళ్లేటప్పుడంతా ఎడమ కాలు పల్లంలో పడుతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి గంటలోపే తెలిసిపోతుంది, మధ్యమధ్యలో పైకెక్కి సరుగుడు నీడన కూర్చోండి. నీళ్ల సీసా ఊళ్లోనే కొనుక్కోండి, అటు కొట్లు ఉండవు.

స్నానానికి మాత్రం దిగొద్దండి. పైకి ఎంత ప్రశాంతంగా కనిపించినా లోపల లాగుడు ఎక్కువ, కాళ్ల కింద ఇసుకని తోడేస్తుంది. పాదాలు తడుపుకుంటే చాలు. ఈత బాగా వచ్చని దిగేవాళ్లంటేనే జాలర్లకి ఎక్కువ భయం.

సూర్యాస్తమయం సముద్రంలో చూద్దామనుకుంటే కుదరదు, మనది తూర్పు తీరం, పొద్దు ఊరి వెనకాల కుంకుతుంది. కాబట్టి దానికోసం ఆగకుండా వెలుతురుండగానే బరంపురం బస్సెక్కేయండి, రైలుకి ముందు భోజనానికి టైముంటుంది. పచ్చి చేపలు కొని రైల్లో తీసుకెళ్లాలనే ఆలోచన ఉంటే మానుకోండి, బోగీ అంతా మిమ్మల్నే చూస్తుంది. ఎండు నెత్తళ్లయితే రెండు కవర్లలో గట్టిగా కట్టించుకుని బ్యాగు అడుగున పెట్టుకోండి.