కార్తెకో రాత: మా పిల్లలు రాయడం ఎలా మొదలుపెట్టారంటే

మీ పాపకు ఎనిమిదేళ్ళు, ఇంట్లోనే చదివిస్తున్నారు, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయమంటే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతుంది, కాలాన్ని బట్టి ఏమేం రాయిస్తే బాగుంటుందని అడిగారు. నేను మా అమ్మాయినీ, బాబునీ ఐదేళ్ళుగా ఇంట్లోనే చదివిస్తున్నాను. మొదటి ఏడాది నాకూ ఇదే టెన్షన్. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ ఏడాది జూన్‌లో మా అమ్మాయిని "వానాకాలం గురించి పది వాక్యాలు రాయి" అన్నాను. "వానాకాలంలో వానలు కురుస్తాయి. చెరువులు నిండుతాయి. రైతులు సంతోషిస్తారు" అని రాసి పెన్సిల్ పక్కన పెట్టేసింది. మేముండేది వరంగల్‌లో, మూడో అంతస్తులో. మా కిటికీలోంచి చెరువూ కనబడదు, పొలమూ కనబడదు. ఆ మూడు వాక్యాలూ పాఠ్యపుస్తకంలోవి. వానాకాలం అంత పెద్ద మాట ఇస్తే ఏడేళ్ళ పిల్ల ఎక్కడ పట్టుకుని మొదలుపెడుతుంది?

ఆ నెల చివర్లో మా అత్తగారి ఊరు వెళ్ళాం. ముందురోజే మంచి వాన పడింది. తడి ఇసుక మీద ఆరుద్ర పురుగులు, ఎర్రటి మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టు మెల్లగా నడుస్తున్నాయి. మా మామయ్య ఒకదాన్ని తీసి మనవరాలి అరచేతిలో పెట్టారు. వేలు తగలగానే కాళ్ళు ముడుచుకుంది. అమ్మాయి కాళ్ళు లెక్కపెట్టింది, ఎనిమిది. పురుగంటాం గానీ అది సాలీడుకు చుట్టం. ఇక రాత్రి దాకా ప్రశ్నలే. మిగతా ఏడాదంతా ఎక్కడుంటుంది? నేలలో ఉంటే పైన వాన పడిందని దానికెవరు చెబుతారు? "అదేదో దాన్నే అడుగుతూ ఉత్తరం రాయి" అన్నాను. రెండు పేజీలు రాసింది. ఆ రోజు నుంచి నేను కాలం పేరు చెప్పి రాయించడం మానేశాను. ఆ కాలంలో కంటికి కనబడే, చేతికి తగిలే ఒక్క వస్తువునే ఇస్తాను.

మరి ఎప్పుడెప్పుడు రాయించాలన్నదానికి మామయ్య దగ్గరే దారి దొరికింది. ఆయన నెలల పేర్ల కంటే కార్తెల పేర్లే ఎక్కువ చెబుతారు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. ఏడాదికి 27, ఒక్కోటి 13, 14 రోజులు. మీ ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండర్‌లోనే ఉంటాయి చూడండి. మేం కార్తెకు ఒక్కటే రాస్తాం. మిగతా రోజులన్నీ చూడ్డానికీ మాట్లాడుకోడానికీ. రోజూ రాయించాలని ప్రయత్నించకండి, పిల్లలకు చెప్పడానికి కొత్త సంగతి పోగవ్వాలి కదా.

మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అని మామయ్య అనగానే మా బాబు పెరట్లోకి పరుగెత్తి రోలు పగిలిందేమో చూసొచ్చాడు. "ఆ రోలే మాట్లాడితే ఏమంటుంది?" అని అడిగాను. "నేను రోలును. మిక్సీ కొన్నాక నన్ను ఎండలో పెట్టారు. నానమ్మ ఒక్కతే నా మీద నీళ్ళు పోస్తుంది" అని మొదలుపెట్టాడు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, మావైపు ఆ రోజు చేపల కూర తప్పదు. చేపల మార్కెట్‌కు పిల్లల్ని తీసుకెళ్ళి, అక్కడ విన్న బేరాన్ని మాటకు మాట రాయించాను. పూర్తి వాక్యాలకు భయపడే పిల్లలు సంభాషణైతే చకచకా రాస్తారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి బతుకమ్మ రోజులు. భాద్రపద అమావాస్యన ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పాటలు వింటూనే ఉంటారు కాబట్టి పాట నడక పిల్లల చెవిలో ముందే ఉంటుంది. ప్రతి పాదం చివర "ఉయ్యాలో" పెట్టి, మన ఇంట్లో జరిగిందే రాయండి అన్నాను. మా అమ్మాయి రాసింది ఇలా ఉంది:

గట్టు మీద గునుగు ఉయ్యాలో
గుత్తులు గుత్తులు ఉయ్యాలో
తాత కోసి తెచ్చె ఉయ్యాలో
తలకు తుండు చుట్టి ఉయ్యాలో

మొదట "మా తాత పొద్దున్నే లేచి పొలం గట్టు మీద నుంచి కోసుకొచ్చాడు ఉయ్యాలో" అని రాసింది. చప్పట్లు కొడుతూ పాడబోతే మాటలు చప్పట్లకు కుదరలేదు. తనే ఒక్కో మాట తీసేసుకుంటూ పోయింది. ఏ మాట ఉండాలి, ఏది అక్కర్లేదు అని నేను ఏడాదిపాటు చెప్పినా రానిది, ఆ చప్పట్లతో అరగంటలో వచ్చింది. ఛందస్సు పేరు ఎత్తకుండానే పాదం కొలత తెలిసిపోయింది. మీది ఆంధ్రా వైపైతే సంక్రాంతికి గొబ్బి పాటలతో ఇదే చేయించవచ్చు.

ఉగాదికి మాత్రం ఒక పద్ధతి ఏటా తప్పకుండా చేస్తాం. పచ్చడిలోని ఆరు రుచులకూ గడిచిన ఏడాదిలోంచి ఒక్కో జ్ఞాపకం రాయాలి. బెల్లం దగ్గర అందరూ పుట్టినరోజే రాస్తారు. రెండేళ్ళ కిందట వేపపువ్వు దగ్గర మా బాబు, చనిపోయిన కుక్కపిల్ల గురించి రాశాడు. అది పోయినప్పుడు వాడు ఏడవలేదు, తర్వాత ఎన్నడూ దాని మాట ఎత్తలేదు. ఆ కాగితం చదివి నేను చాలాసేపు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

ఊరు వెళ్ళే వీలు లేకపోతే మీ వీధిలోని ఒక్క చెట్టు చాలు. మేం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వేపను ఏడాదంతా చూశాం. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది, తర్వాత రాగిరంగు చిగుళ్ళు, ఉగాది నాటికి పూత, తొలకరికి పళ్ళు రాలి కారు అద్దాలకు అంటుకుంటాయి. ఆ చెట్టు డైరీని పిల్లలిద్దరూ వంతులవారీగా రాశారు. మా చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళమ్మాయి అక్కడి మంచు గురించి తెలుగులో రాస్తూ మెత్తగా రాలే మంచుకు "పిండిమంచు" అని తనే పేరు పెట్టింది. అక్కడి పిల్లలు అక్కడి కాలం గురించే రాస్తే మేలని నాకనిపిస్తుంది.

నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయకండి. ఆరుద్ర పురుగు ఉత్తరంలో ల, ళ తేడాలకూ ఒత్తులకూ ఎర్రపెన్ను పెట్టి దిద్దాను. మా అమ్మాయి నెలన్నర దాకా ఆ నోటుబుక్కు తెరవలేదు. ఇప్పుడు దిద్దడానికి వేరే నోటుబుక్కు ఉంది, అందులో డిక్టేషన్ రాస్తారు. కార్తె రాతల్ని నేను ముట్టను. అయితే వాటిని ఎవరో ఒకరు చదవాలి. మేం పోస్ట్‌కార్డులు కొని పెట్టుకున్నాం. చోటు తక్కువ కాబట్టి ఖాళీ కాగితం చూసి భయపడే పిల్లలకు అది చాలా నయం. మా అమ్మ ప్రతి కార్డుకూ జవాబు రాస్తుంది. తన చేతిరాత చదవడానికే పిల్లలు కొట్టుకుంటారు.

మీరు అడిగింది ఆషాఢంలో కాబట్టి ఈ వారమే ఇలా చేసి చూడండి. పాపకు రెండు చేతులకూ నిండా గోరింటాకు పెట్టండి. ఆరేదాకా పెన్సిల్ పట్టే వీలుండదు, కూర్చోక తప్పదు. "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అనండి. ఆకు ఎక్కడ కోశారు, రుబ్బుతుంటే ఏం వాసన వచ్చింది, ముక్కు దురద పెడితే ఏం చేసింది, ఏది చెప్పినా తన మాటల్లోనే రాయండి, మీరు సరిచేయకండి. పొద్దున లేచి చేతులు కడుక్కున్నాక ఆ కాగితం తన చేతికే ఇచ్చి చదివించండి. ఎంత ఎర్రగా పండిందో చెప్పే చివరి వాక్యానికి చోటు వదిలిపెట్టండి, అది తనే రాస్తుంది.